వసపిట్ట తలూపింది

ఆ రోజు పొద్దున్న వసపిట్ట వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎడిటింగ్ గదిలో ఓ మూల కూర్చోవాలి, నోరు మూసుకోవాలి, అడిగిన ప్రతిదానికీ బుద్ధిగా తలూపాలి. అంతే. ఇందులో ఆమెకు బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేతకానిది ఆ రెండోదే. ఇంట్లోవాళ్ళు ఊరికే వసపిట్ట అని పేరు పెట్టలేదు మరి.

దేశదేశాల మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోవాలని డాక్యుమెంటరీలు తీసే సంస్థ అది. శిక్షణ కోసం ఆమె దేశం కాని దేశం వచ్చి నెలయింది. ఇక ఉంచుకోవాలో, తిప్పి పంపాలో డైరెక్టరమ్మ ఇవాళే తేలుస్తుంది. విమానం ఎక్కే ముందే అమ్మ ఒట్టు వేయించుకుంది. "నీ వాగుడికి మూడోరోజే సాగనంపుతారు. ఎవరేమడిగినా తలూపు తల్లీ, నోరు మాత్రం తెరవకు!"

పిల్ల ఒట్టు తప్పలేదు. మాటలు లోపలే కుక్కుకుని కడుపుబ్బరంతో నెల గడిపింది. దానికి తోడు కాఫీ కూడా లేదు. కాఫీ తెచ్చే పెద్దాయన రోజూ "కావాలా?" అంటాడు, ఈమె ఆశగా తలూపుతుంది, ఆయన మర్యాదగా కప్పు పట్టుకుని వెళ్ళిపోతాడు. శిక్షణకొచ్చినవాళ్ళని మాటవరసకి అడుగుతారు కాబోలని సరిపెట్టుకుంది.

కొత్త సినిమాకి డబ్బు పెట్టిన పెద్దలు సాయంత్రం దాన్ని చూడటానికి వస్తున్నారు. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ఆడవాళ్ళు ఒకే కుట్టు దుకాణంలో పనిచేయడం ఆ సినిమా కథ. డైరెక్టరమ్మ మొదటి భాగం వేయించి వెనక్కి తిరిగింది.

"కొత్తదానివి, నిజం చెప్తావు. సంగీతం బాగుందా?"

వసపిట్టకి ప్రాణం లేచొచ్చింది. కళ్ళు అరమోడ్చి, తలను ఈ భుజం నుంచి ఆ భుజానికి హాయిగా ఊపింది. మన ఇళ్ళల్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. డైరెక్టరమ్మ ముఖం మాడిపోయింది. ఎడిటర్ చెవిలో ఏదో చెప్పింది, సంగీతం కాస్తా ఎగిరిపోయింది.

"ఇప్పుడో?"

అయ్యో, బాగున్నదాన్ని తీసేశారేమిటి? అయినా పెద్దవాళ్ళ పని, మనకెందుకులే అని మళ్ళీ ఊపింది. ఈసారి ఎగిరే పక్షులు, సూర్యాస్తమయం పోయాయి. ఆమె ఎంత మెచ్చుకుంటే అంత కత్తిరింపు. చివరికి వ్యాఖ్యానం చెప్పినాయన ముందుకొచ్చాడు. గంభీరమైన గొంతు, పాపం పొద్దున్నుంచీ మంచిమాట కోసం కాచుకుని ఉన్నాడు.

"మరి నా గొంతో?"

ఆయన మీద జాలితో వసపిట్ట మెడ విరిగేలా ఊపింది. ఆయన వెళ్ళి బయట మెట్ల మీద కూలబడ్డాడు. వ్యాఖ్యానం మొత్తం పోయింది. డైరెక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళలో నా ముఖం మీద నిజం చెప్పింది నువ్వొక్కదానివే" అని సినిమా పట్టుకుని హాలుకి బయలుదేరింది.

అప్పుడే పెద్దాయన కాఫీతో వచ్చాడు. "కావాలా?" ఈమె తలూపింది. ఆయన కప్పు వెనక్కి తీసుకున్నాడు.

"ఆగండాగండి! తలూపానుగా!"

"అవునమ్మా. రోజూ ఇలాగే అటూ ఇటూ, వద్దనేగా ఊపుతావు?"

వసపిట్ట నెత్తి కొట్టుకుంది. ఓరి దేవుడోయ్! అయితే పొద్దున్నుంచీ తను చేసిన ఘనకార్యం ఇదా! కాళ్ళకి చెప్పులున్నాయో లేదో చూసుకోకుండా హాలుకి పరుగెత్తింది. అప్పటికే దీపాలు ఆర్పేశారు.

తెర మీద సంగీతం లేదు, పక్షులు లేవు, చెప్పేవాడు లేడు. కుట్టుమిషన్ల చప్పుడు, ఇద్దరు ఆడవాళ్ళు. ఒకామె చొక్కాకి రెండు చేతులూ ఒకే పక్కన కుట్టేసింది. రెండో ఆమె ఆ చొక్కా ఎత్తి చూపింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. అంతే, అయిపోయింది. హాల్లో దీపాలు వెలిగాయి. వసపిట్ట మనసులోనే పెట్టె సర్దేసుకుంది.

ముందు వరసలో పెద్దమనిషి లేచాడు. ముక్కు చీదుకున్నాడు. "హమ్మయ్య! ఎవరూ పాఠం చెప్పని సినిమా ఇన్నాళ్ళకి చూశాను" అని చప్పట్లు మొదలుపెట్టాడు. హాలంతా అందుకుంది.

ఇక ఒట్టు ఆగలేదు. "మేడమ్, నాకన్నీ నచ్చాయి! మా ఇంట్లో అలా ఊపితే బాగుందని! సంగీతం బాగుంది, పక్షులు బాగున్నాయి, ఆయన గొంతు ఇంకా బాగుంది!" నెల రోజుల మాటలు గట్టు తెంచుకున్నాయి.

డైరెక్టరమ్మ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత కుర్చీలో కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోవాలని సినిమాలు తీసేది మేమూ! ఒక్క తల అర్థం కాలేదు. సర్లే, నువ్వెక్కడికీ వెళ్ళట్లేదు. ముందు ఆయనకి గొంతు బాగుందని చెప్పిరా, ఇంకా మెట్ల మీదే ఉన్నాడు. నోటితో చెప్పు తల్లీ!"

వసపిట్టకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మెట్ల మీద ఆయన్ని నవ్వించి, నెల రోజులకి దొరికిన మొదటి కాఫీ చేతిలో పట్టుకుని, అమ్మకి వీడియో కాల్ చేసింది.

"ఉంచుకున్నారటే?" అంది అమ్మ ఆత్రంగా.

వసపిట్ట కొత్తగా నేర్చుకున్న పద్ధతిలో తలను పైకీ కిందికీ జాగ్రత్తగా ఊపింది.

"అదేంటే, మెడ పట్టేసిందా?"