సువార్తమ్మ స్వీయ బాధ్యత

ప్రతి పౌరుడూ తన భవిష్యత్తును తానే నిర్మించుకోవలెననియు, అందుకు ముందుగా అనుమతి పొందవలెననియు ఇందుమూలంగా తెలియజేయడమైనది. స్వీయ భవితవ్య నిర్మాణ శాఖ పాలకొల్లులో ఆఫీసు తెరిచిన రోజున గోడకు అంటించిన మొదటి ప్రకటన ఇది. అంతకుముందు గోదావరి జిల్లాల్లో జనం ఎవరికి తోచినట్టు వాళ్ళు, ఏ ప్లానూ పాసు చేయించకుండా, అక్రమంగా బాగుపడిపోతూ ఉండేవారు. (చెడిపోయేవారూ ఉండేవారు. దానికి మాత్రం ఇప్పటికీ అనుమతి అక్కర్లేదు.)

ఈ ప్రకటనతో సువార్తమ్మకి పని పడింది. ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా వేరేవాళ్ళ షాపులో జాకెట్లు కుడుతోంది. పాలకొల్లు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుళ్ళు చంక పట్టేయకుండా చేతులెత్తి తలంబ్రాలు పోస్తున్నారంటే అందులో సగం ఆవిడ చలవే. అలాంటి మనిషి సొంత షాపు కావాలనుకోవడంలో తప్పేముంది? శాఖవారు బస్టాండు పక్కన పది గదులు కట్టి, 'స్వీయ బాధ్యత ధ్రువపత్రం' ఉన్నవాళ్ళకి ఇస్తున్నారు. తొమ్మిది అయిపోయాయి. మిగిలిన నాలుగో నంబరు గదికి ఉత్తరం వైపు కిటికీ ఉంది, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేంత వెలుతురుంది. సువార్తమ్మ వెళ్ళి చూసి, మిషను ఎక్కడ వెయ్యాలో కూడా అనుకుని వచ్చింది. గడువు నెలాఖరు.

డిగ్రీ చదువుతున్న కూతురు సారిక ఫోన్లో శాఖవారి యాప్ తెరిచి, తల్లి చెప్పింది చెప్పినట్టు టైపు చేసింది. పదకొండో ప్రశ్న: "రాబోవు ఐదేళ్ళలో మీరు ఏమి చేయదలచినారు?"

"ప్రభువు చిత్తమైతే రెండు మిషన్లు పెడతాను. ప్రభువు చిత్తమైతే ఇద్దరాడపిల్లలకి పని నేర్పుతాను. ప్రభువు చిత్తమైతే మూడో ఏటికి స్కూలు యూనిఫారాల ఆర్డరు పడతాను" అంది సువార్తమ్మ.

లూథరన్ చర్చి కుటుంబంలో పుట్టిన సువార్తమ్మ, రేపటి సంగతి ఆ మాట లేకుండా ఏనాడూ చెప్పి ఎరగదు. సాయంత్రం వంకాయ వండుతానన్నా అంతే, బుధవారం జాకెట్టు ఇస్తానన్నా అంతే. (జాకెట్టు బుధవారానికి తయారుగా ఉండేది. చెప్పిన రోజుకి బట్టలిచ్చే టైలరు మీకు ఇంకెక్కడైనా తగిలితే చెప్పండి.)

మూడో రోజున మెసేజి వచ్చింది: "దరఖాస్తుదారు తన భవిష్యత్తు బాధ్యతను మూడో వ్యక్తికి అప్పగించినట్లు పరిశీలనలో తేలినది. సదరు ప్రభువు గారి ఆధార్, చిరునామా రుజువు, అంగీకార పత్రం జతచేయగలరు."

సువార్తమ్మ ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడ సహాయ భవితవ్యాధికారి చంద్రరావు గారు చాలా మర్యాదస్తులు. పని అవనివాళ్ళని కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ పంపించేస్తారు.

"మాకేం అభ్యంతరం లేదండి. ఆయన వివరాలిస్తే చాలు. ఎక్కడుంటారు?"

"అంతటా ఉంటారండి."

"అంతటా అంటే, మన మండలంలోకి వస్తారా?"

"రారని ఎలాగంటామండి?"

"అయితే లోకలే" అని చంద్రరావు గారు టిక్కు పెట్టారు. "మంచిదండి. ఆధార్?"

"అయ్యబాబోయ్, అది మా మాటవరసండి! మిషన్లు పెట్టేది నేను, తొక్కేది నేను, అరిగేది నా మోకాళ్ళు. ఆ మాట కొట్టేయండి, గొడవొదిలిపోద్ది."

"కొట్టేయడానికి లేదమ్మా. ఒకసారి ఫైల్లోకి వచ్చిన మనిషిని చెప్పకుండా తీసేస్తే, రేపు ఆయనొచ్చి అడిగితే ఏం చెప్పమంటారు? తప్పుకుంటున్నానని ఆయన చేత రాయించుకురండి. రెండు కాపీలు."

"మీరే ఏదో దారి చూపించాలండి."

"నా చేతిలో ఏముందమ్మా! అంతా కమిషనర్ గారి దయ" అన్నారు చంద్రరావు గారు. (స్వీయ బాధ్యత విభాగంలో ఉత్తమ ఉద్యోగి అవార్డు ఆఫీసు తెరిచిన ఈ రెండేళ్ళూ ఆయనకే వచ్చింది.)

సువార్తమ్మ పాస్టరు సాల్మన్ గారి దగ్గరికి వెళ్ళింది. ప్రభువు తరఫున సంతకం చేసే అధికారం తనకి లేదని పాస్టరు గారు నిజాయితీగా చెప్పారు. కావాలంటే తన తరఫున రాసిస్తానని, సంఘం లెటర్‌హెడ్ తీసి ఇలా రాశారు: "ఈ సహోదరి ఎవరి మీదా ఆధారపడక తన చేతులతో కష్టపడు మనిషి. ఈమె తలపెట్టిన పని, ప్రభువు చిత్తమైతే, తప్పక నెరవేరును." మూడో వ్యక్తి ప్రమేయానికి ఇది బలమైన సాక్ష్యమని శాఖ ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టుకుంది.

ఇక మిగిలింది కెమెరా ప్రమాణం. "నా భవిష్యత్తుకు నేనే పూర్తి బాధ్యురాలిని. దానిని నేనే కట్టుకుంటాను" అని ఫోన్ ముందు చెబితే పాత తప్పులన్నీ మాఫీ. మూడు అవకాశాలు ఇస్తారు. గడువు ఆ రోజుతో సరి.

"నా భవిష్యత్తుకు నేనే పూర్తి బాధ్యురాలిని. దానిని నేనే కట్టుకుంటాను, ప్రభువు చిత్తమైతే."

"అమ్మా! ఆ మాట లేకుండా చెప్పవే!"

"ఏ మాటే?" అంది సువార్తమ్మ, నిజంగానే తెలియక.

రెండోసారి పళ్ళు బిగించి చెప్పింది. పెదవులు కదలడం లేదని యాప్ తిప్పికొట్టింది. మూడోసారి తడుముకోకుండా, గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. సారిక ఆనందం పట్టలేక "గది మనకే వచ్చేస్తుందమ్మా!" అని ఒక్క కేక పెట్టింది.

"ప్రభువు చిత్తమైతే" అంది తల్లి.

కెమెరా ఇంకా ఆగలేదు. దరఖాస్తు మూసివేయడమైనదని వెంటనే మెసేజి వచ్చింది. సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పద్దెనిమిదేళ్ళకి చేతికందిన గది, ఒక్క మాటకి పోయింది. అరిచినందుకు తనని తాను తిట్టుకుంటూ సారిక కూడా ఏడ్చింది.

నాలుగో గది బంగార్రాజు అనే కుర్రాడికి వచ్చింది. పదకొండో ప్రశ్నకి అతను రాసిన జవాబు: "అంతా మా మావయ్య గారు చూసుకుంటారు." ఆ మావయ్య త్రిమూర్తులు గారు తన ఆధార్, కరెంటు బిల్లు, అంగీకార పత్రం అన్నీ జతచేశారు. ఇక శాఖకి అభ్యంతరం ఏముంటుంది? రెండో రోజుకల్లా బంగార్రాజుకి స్వీయ బాధ్యత ధ్రువపత్రం ఇచ్చేశారు. దాన్ని తెచ్చుకోవడానికి కూడా మావయ్య గారే వెళ్ళారు.

నెలలోపు గదిలో పని మొదలవ్వాలని రూలు. ఏ పని అన్న చోట మావయ్య గారు టైలరింగ్ అని రాసి ఉన్నారు. బంగార్రాజుకి చొక్కా గుండీ ఊడితే కుట్టుకోవడం రాదు. మర్నాడే త్రిమూర్తులు గారు సువార్తమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"మావాడికి గదొచ్చింది సువార్తమ్మా. నువ్వు లేందే అక్కడ పని నడవదు. జీతానికి వచ్చేయ్."

"వెళ్ళకే అమ్మా, సిగ్గు లేకపోతే సరి వాళ్ళకి!" అంది సారిక, ఆయన గేటు దాటాక.

సువార్తమ్మకి ఒళ్ళు మండింది. కానీ ఆ కిటికీ కళ్ళలోంచి పోవడం లేదు. "నేను మానేస్తే ఇంకెవర్నో పెట్టుకుంటారే. గదెలాగూ పోయింది, వెలుతురన్నా దక్కించుకోనీ" అంది. సోమవారం వెళ్ళి, ముందు అనుకున్న చోటే మిషను వేయించుకుని కూర్చుంది.

నెల తిరిగేసరికి చంద్రరావు గారు తనిఖీకి వచ్చారు. బంగార్రాజు అప్పటికి ఇంకా నిద్ర లేవలేదు. చంద్రరావు గారు సువార్తమ్మని మర్యాదగా పలకరించి, కుట్టిన జాకెట్లు లెక్కపెట్టుకుని, మావయ్య గారు తెప్పించిన కూల్ డ్రింకు తాగి, అక్కడే కూర్చుని నివేదిక రాశారు.

"గది నంబరు నాలుగు. శ్రీ బంగార్రాజు తన భవిష్యత్తును స్వయంగా నిర్మించుకొనుచున్నారు. పురోగతి సంతృప్తికరం. నిర్మాణంలో ఉన్న కూలీలు: ఒకరు."