నాలుగు వేల పెలూనా పౌరులు

పెలూనా దేశం మొట్టమొదటిసారి ప్రపంచ గానపోటీలో దిగుతోందని, ఆ చారిత్రక ప్రకటన చేసే భాగ్యం మా ఎడిసన్ ఊరికి దక్కిందని వీరభద్రరావుగారు ఓక్‌ట్రీ రోడ్డు మీది ఒక హోటల్లో ప్రెస్‌మీట్ పెట్టి చెప్పారు. పెలూనా పదకొండు వేల జనాభా ఉన్న ద్వీపం. న్యూజెర్సీలో దానికి ఆయనే గౌరవ కాన్సల్. మిగతా వేళల్లో ఇళ్ళు అమ్మిపెడుతుంటారు. వెనక కట్టిన జెండా తలకిందులుగా ఉందేమోనని నేను ఆయన చెవిలో అన్నాను.

"చూసి తప్పు పట్టడానికి ఆ దేశంవాళ్ళు ఎవరున్నారయ్యా ఇక్కడ?" అన్నారు. ఎంతైనా దౌత్యవేత్త.

పోటీ ఈసారి న్యూజెర్సీలోనే. పాట కట్టి, తనే పాడాల్సిన పెలూనా పంతులమ్మకి అమెరికా వీసా రిజెక్టయింది. పాడాక తిరిగి వెళ్తుందని వీసా ఆఫీసరుకి నమ్మకం కుదరలేదట. ఆ వార్తకి వీరభద్రరావుగారు చలించిపోయి, టీ తాగి, పక్కనే పిస్కాటవేలో ఉండే, బాగా పాడే భవితకి ఫోన్ చేశారు.

భవిత మాస్టర్స్ ముగించి, చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్ల. ఉద్యోగం లేకుండా ఇక్కడ ఉండనిచ్చే తొంభై రోజుల్లో అప్పటికే డెబ్భై అయిపోయాయి.

"అంకుల్, టాప్ టెన్‌లో వస్తే టాలెంట్ వీసాకి ఫైల్ చేయొచ్చని లాయర్ అన్నాడు. రాకపోతే నేను బ్యాగ్ సర్దుకోవడమే" అంది.

"టాప్ టెన్ ఏంటమ్మా, ఫస్టే. నువ్వు పాడు, ఓట్లు నాకు వదిలెయ్."

పంతులమ్మ రోజూ వీడియో కాల్‌లో ఒక్కో మాటా పలికించింది. నెలకోసారి వచ్చే పడవ కోసం ఎదురుచూసేవాళ్ళ పాట అది. రిహార్సల్లో విని, భాష తెలియని నేనే మళ్ళీ పాడమని అడిగాను. వీరభద్రరావుగారు కూడా కళ్ళు మూసుకుని విని, కొంచెం బీట్ పెంచితే బావుంటుందన్నారు.

ఓట్లు ఫోన్ల ద్వారా. అందుకని ఆయన మన తెలుగువాళ్ళందరికీ పెలూనా గౌరవ పౌరసత్వం ప్రకటించారు. ఒక శాలువా, లామినేట్ చేసిన సర్టిఫికెట్. శనివారం లైను పార్కింగ్ లాట్ దాటింది. నా కొలీగ్ హర్షవర్ధన్ తన వంతు రాగానే వీరభద్రరావుగారిని అడిగాడు.

"సార్, ఈ దేశపోళ్ళకి గ్రీన్‌కార్డ్ క్యూ ఎంత ఉంటది?"

"క్యూయే లేదు."

"గని నేను కరీంనగర్‌ల పుట్టిన గద సార్. పుట్టిన దేశమే చూస్తరంట."

"పుట్టడం గతం. మనం భవిష్యత్తు గురించి మాట్లాడుకుంటున్నాం."

హర్షవర్ధన్ శాలువా కప్పించుకున్నాడు. సాయంత్రానికి నాలుగు వేల రెండు వందల మంది పౌరులయ్యారు. ఆ జాబితాని, ఫోన్ నంబర్లతో సహా, వీరభద్రరావుగారు 'పెలూనా జనవాహిని' అని పేరు పెట్టి నిర్వాహకులకు స్వయంగా ఈమెయిల్ చేశారు.

పోటీ రోజు భవిత పాడుతుంటే హాల్లో దగ్గు కూడా వినబడలేదు. ఓటింగ్ తెరవగానే అందరం ఒక్కసారే నొక్కాం. అందరికీ ఒక్కటే మెసేజ్ వచ్చింది: మీ దేశపు పాటకు మీరు ఓటు వేయడానికి వీల్లేదు, మరో దేశాన్ని ఎంచుకోండి.

మనవాళ్ళు ఓటు వృథా చేసే రకం కాదు. ఎంచుకున్నారు. ఇతర దేశాలవాళ్ళు పెలూనా ఎక్కడుందో మ్యాప్‌లో వెతికేలోపు టైమ్ అయిపోయింది. పెలూనాకి సున్నా.

"ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడలేదు" అని వీరభద్రరావుగారు గడప దాటకముందే పత్రికలకి ప్రకటన ఇచ్చేశారు.

పార్కింగ్‌లో ఆయన కారు దగ్గర భవిత నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయిగానీ ఏడవలేదు.

"నాకింకా ఆరు రోజులే ఉన్నాయి, అంకుల్. పంతులమ్మ వాళ్ళ స్కూల్లో పాటలు నేర్పడానికి రమ్మంటోంది. మీరు సర్టిఫికెట్ ఇచ్చారు కదా, దాంతో పెలూనా వెళ్ళిపోవచ్చా?"

"దానికి వీసా కావాలమ్మా."

"మీరే కదా కాన్సల్. ఇప్పించండి."

వీరభద్రరావుగారు కారు మీది చిన్న జెండా సరిచేశారు. అప్పుడూ తలకిందులుగానే ఉంది.

"నాకే రెండుసార్లు రిజెక్ట్ చేశారమ్మా" అన్నారు మెల్లిగా.

"ఎందుకు?"

"తిరిగి వెళ్తానని నమ్మకం కుదరలేదట."