ఆంబ్రోస్ లేడని మ్యూజియం చెప్పింది

మనిషి బతికున్నాడో లేదో డాక్టరు నాడి పట్టుకుని చెప్పే రోజులు పోయాయి. ఇప్పుడా పని మ్యూజియం చూసుకుంటోంది! ఎంత సుఖమో ఆలోచించండి. ఒకసారి గోడ మీద బోర్డు పెట్టేస్తే, మళ్లీ ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకుని చూడనక్కర్లేదు.

నమ్మకం కుదరనివాళ్లు మలేసియాలోని మలక్కాలో పోర్చుగీసు పేటకి వచ్చి ఆంబ్రోస్ తెసేరాని అడగండి. అరవై రెండేళ్లవాడు. తాత, తండ్రి, తను, ముగ్గురూ ఒకే ఒడ్డు నుంచి పడవ దించినవాళ్లు. మాట తక్కువ, ఒంటి మీద రొయ్యల వాసన ఎక్కువ.

ఈ ఏడు పడవ లైసెన్సు గడువు తీరబోతుంటే రేవు ఆఫీసుకి వెళ్లాడు. గుమస్తా కంప్యూటర్లో చూసి తల ఊపాడు.

"అంకుల్, మీ పేటలో వేట ఎప్పుడో ఆగిపోయిందిగా."

"ఎవరన్నారు?"

"మ్యూజియంలో బోర్డుంది. ప్రారంభోత్సవానికి ఆఫీసంతా వెళ్లాం. బిర్యానీ పెట్టారు."

"పొద్దున్నే పట్టుకొచ్చానయ్యా. కావాలంటే చెయ్యి వాసన చూడు."

"వాసనకి ఫారంలో గడి లేదంకుల్. మ్యూజియం వాళ్ల దగ్గర ఉత్తరం పట్రండి."

చూశారా, ఎంత పద్ధతో! ఎదురుగా నిలబడ్డవాడి మాట పట్టుకుని సంతకం పెట్టేస్తే ఇంక ఆఫీసు దేనికి? లైసెన్సు లేనిదే పడవ నీళ్లలో దిగకూడదు. పడవ దిగకపోతే ఆంబ్రోస్‌కి చేతనైన పని మరొకటి లేదు. అంత చిన్న సమస్య!

ఊరి చరిత్ర మ్యూజియంలో అతను అడుగు పెట్టడం అదే మొదలు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చరిత్రలోనే ఉండటంతో తీరిక చిక్కలేదు.

లోపల ఎంత బావుందంటారు! పోర్చుగీసు కెప్టెన్ల కత్తులకి ఒక హాలు. డచ్చివాళ్ల పళ్లేలకి ఒక హాలు. ఇంగ్లీషువాళ్ల కుర్చీలకి ఒక హాలు. ఊరిని కొట్టి తిన్నవాళ్లందరికీ తలా ఒక హాలు దక్కింది. చేపలు పట్టి తిన్నవాళ్లకి మెట్ల కింద చోటిచ్చారు. అక్కడ ఒక సముద్రం కూడా ఉంది. నీలం గుడ్డ, దాని కింద ఫ్యాను. అలలు ఒక్క క్షణం ఆగవు! బయట సముద్రాన్నయితే మట్టి పోసి పూడ్చి దాని మీద హోటల్ కట్టారు. ఈ గుడ్డ సముద్రాన్ని పూడ్చే మొనగాడు ఎవడు? చేపలు ప్లాస్టిక్‌వి. కంపు లేదు, పిల్లి బెడద లేదు.

గుడ్డ మీద పడవ. పడవలో బొమ్మ. పక్కన బోర్డు: "ఈ పేటవారు ఒకప్పుడు చేపలు పట్టేవారు. ఆ వృత్తి అంతరించింది. పూర్వుల జ్ఞాపకంగా పడవలను ఒడ్డునే నిలిపి, పూలతో అలంకరించి గౌరవిస్తారు."

ఆంబ్రోస్ రెండుసార్లు చదివాడు. తర్వాత బొమ్మ చేతిలో వల చూశాడు. మునగాల్సిన సీసం గుండ్లు పైన, తేలాల్సిన బెండ్లు కింద.

"ఇలా వల వేసేవాడు అంతరించక ఏమవుతాడు!" అనుకున్నాడు.

మ్యూజియం అధికారి హస్నా మేడమ్ మర్యాదస్తురాలు. కుర్చీ వేయించింది. టీ తెప్పించింది. ఆ తర్వాతే అతను లేడని చెప్పింది.

"మా సర్వేవాళ్లు మీ పేటకి స్వయంగా వచ్చి చూశారంకుల్. జూన్ ఇరవై తొమ్మిదిన. ఒక్క పడవా నీళ్లలో లేదు. అన్నిటికీ రిబ్బన్లు, జెండాలు, పూలు. ఫొటోలున్నాయి."

ఆంబ్రోస్ కప్పు కింద పెట్టేశాడు. "అది సాన్ పెడ్రో పండగమ్మా! ఫాదర్ వచ్చి పడవల మీద తీర్థజలం చల్లే రోజు. ఆ రోజు వేటకి ఎవడు పోతాడు? రంజాన్ పండగ నాడు నేను మీ ఆఫీసుకొచ్చి, ఇక్కడెవరూ పనిచెయ్యరని బోర్డు పెడితే ఊరుకుంటారా?"

"సర్వే ఒక్కరోజుకే మంజూరైందంకుల్. బోర్డు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. పైగా, బతికున్నవాళ్లు మా శాఖ కిందికి రారు."

ఎంత స్పష్టత! రేవు ఆఫీసువాళ్లు బతికున్నాడని ఒప్పుకోరు. మ్యూజియంవాళ్లు బతికున్నవాడితో మాకు పనిలేదంటారు. రెండు ఆఫీసుల మధ్య ఇంత పొందిక మీరెక్కడైనా చూశారా?

మర్నాడు ఆంబ్రోస్ బకెట్ నిండా బతికున్న రొయ్యలతో వచ్చాడు. గుమ్మంలో కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బయటి తిండి లోపలికి తేకూడదు పెద్దాయనా."

"తిండి కాదురా, సాక్ష్యం!"

ఆ పెనుగులాటలో బకెట్ ఒరిగింది. ఒక రొయ్య గెంతి మెట్ల కింద నీలం గుడ్డ మీద పడి ఎగరసాగింది. చుట్టూ చేరిన టూరిస్టులు చప్పట్లు కొట్టారు. "నిజం రొయ్యలాగే చేశారే!" అని ఒకావిడ వీడియో తీసింది.

హస్నా మేడమ్ ఆ రొయ్యని చూసింది, ఆంబ్రోస్‌ని చూసింది. ఆవిడ మనసు కరిగింది. అతని పడవని ఎలాగైనా నిలపమని ఆ పూటే రేవు ఆఫీసుకి తన చేత్తో ఉత్తరం రాసింది.

ఆఫీసుల్లో పనులు నత్తనడక నడుస్తాయని ఆడిపోసుకునేవాళ్లు సిగ్గుపడాలి. మూడే మూడు వారాల్లో రేవు ఆఫీసు నుంచి ఆంబ్రోస్ ఇంటికి జవాబొచ్చింది! ఆంబ్రోస్ భార్య సెరఫీనా రొయ్యల పచ్చడి కలుపుతున్నదల్లా చెయ్యి కడుక్కుని వచ్చి, పైకి చదివింది.

"శ్రీ ఆంబ్రోస్ తెసేరా పడవ ఈ రేవుకే తలమానికం. దానిని శాశ్వతంగా నిలుపుకొనుటకు సంతోషంతో అనుమతిస్తున్నాము."

"ఇచ్చారన్నమాట!" అని ఆంబ్రోస్ లేచి నిలబడ్డాడు.

"ఉండు, ఇంకా ఉంది. 'రంగు చెడును గనుక నీటిలో దించరాదు.'"

అతను మళ్లీ కూర్చున్నాడు.

"చోటు కూడా చూపించారయ్యా. హోటల్ గేటు పక్కన, గడ్డిలో."

ఆంబ్రోస్‌కి ఆ చోటు తెలుసు. మట్టి పోయకముందు అక్కడ రెండు నిలువుల లోతు. తండ్రి అతనికి వల వెయ్యడం నేర్పింది అక్కడే.

"నీ పడవని నీ చోటుకే పంపుతున్నారుగా, ఆ మొహం ఏమిటి?" అని సెరఫీనా నవ్వబోయింది.

"పడవ సంగతి సరే. నన్నెక్కడ ఉండమన్నారు?"

సెరఫీనా కళ్లజోడు సర్దుకుని ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివింది. వెనక్కి తిప్పి కూడా చూసింది.

"ఆ సంగతి రాయలేదయ్యా" అంది.