ఇన్‌ఛార్జి నీలిమెట్ట

గంధం తాతాజీ, మంగతాయారు దంపతులు ఏలూరు నుంచి కారేసుకుని నీలిమెట్ట చూడటానికి బయల్దేరేసరికే నీలిమెట్ట సెలవు పెట్టి కొండ దిగుతోంది. కారూ, ఊరూ ఘాట్ రోడ్డు పద్నాలుగో మలుపులో ఎదురెదురుగా ఆగాయి.

ఊరు సెలవు పెట్టడంలో నిబంధనలకు విరుద్ధమైనదేమీ లేదు. తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకునేంత ఎత్తున ఉన్న ఆ ఊరు నూట పన్నెండేళ్లుగా ఒక్క పూట కూడా సెలవు వాడుకోకుండా వచ్చినవాళ్లందరికీ కనిపిస్తూనే ఉంది. ఎండాకాలం కనిపించింది, దసరాకి కనిపించింది, ఒంట్లో బాగోలేనప్పుడు కూడా మబ్బు కప్పుకుని కనిపించింది. చివరికి సముద్రం చూడాలని ఉందంటూ ముప్పై రోజుల ఆర్జిత సెలవుకి దరఖాస్తు పెట్టుకుంది. పైవాళ్లు మంజూరు చేస్తూ, ప్రత్యామ్నాయ ఏర్పాటు మాత్రం ఊరే చూసుకోవాలని ఒక్క ముక్క చేర్చారు. ఆ ముక్క వల్లే ఊరు మూడు రోజులుగా ఘాట్‌లోనే నిలబడి, ఎదురొచ్చిన ప్రతి బండినీ ఆపి, తన ఛార్జి తీసుకుంటారా అని అడుగుతోంది.

ఘాట్ రోడ్డు మీద ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. నీలిమెట్టకి ఆ సంగతి అందరికన్నా బాగా తెలుసు కాబట్టి మర్యాదగా వెనక్కి జరిగింది. ముందున్న బజారు, బస్టాండు సులువుగానే సర్దుకున్నాయి. చర్చి కాస్త ఇబ్బంది పడింది. వెనక్కి నడిచేటప్పుడు సరస్సు తొణికి నాలుగు బాతులు రోడ్డు మీద పడ్డాయి. అన్నిటికన్నా వెనక జంటలు జంటలుగా వస్తున్న పైన్ చెట్లు ఏం జరిగిందో తెలియక, ముందువాళ్లని అడిగి చెప్పమని కబురంపాయి.

కారు నడుపుతున్నది మంగతాయారు. నలభై ఒకటో ఏట పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుంది. మొగుడు ఎక్కడికైనా తీసుకెళతాడని ఎదురుచూసి ఎదురుచూసి, ఇక మొగుణ్ణే ఎక్కడికైనా తీసుకెళ్లాలని తేల్చుకున్నాక నేర్చుకుంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నాలుగుసార్లు ప్రయాణం పెట్టుకుని నాలుగుసార్లూ సర్దిన బట్టలు తిరిగి బీరువాలో పెట్టింది. తాతాజీ ఏలూరులో ఒక ఇంజినీరింగు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. ఆ ఆఫీసులో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరింట్లో పెళ్లయినా, వాళ్ల సీటు తాతాజీ మీద పడుతుంది. తాతాజీ ఉన్నాడుగా అని వాళ్లంటారు, ఉన్నానుగా అని ఈయనంటాడు. ఒక ఏడాదిలో ఆయన తన సీటుతో కలిపి ఏడు సీట్లు చూశాడు, దాంతో తన సీటు ఏదో మరిచిపోయి పాత హాజరు పట్టీ తెప్పించుకుని వెతుక్కోవాల్సి వచ్చింది.

ఈసారి మంగతాయారు గట్టిగా కాసుకుంది. సెలవు చీటీ దగ్గరుండి రాయించింది. రెండు ఫోన్లూ ఆపి, డిక్కీలో స్టెప్నీ కింద పడేసింది. ఎవరి సీటూ నెత్తిన లేని మొగుడితో ఒక్క నాలుగు రోజులు గడపాలి, అంతే ఆవిడ కోరిక. మంచూ, సరస్సూ ఉంటే సరే, లేకపోయినా ఫర్వాలేదనుకుంది. పద్నాలుగో మలుపు వరకూ అంతా బాగానే జరిగింది. తాతాజీ దారి పొడుగునా పాటలు పాడాడు, నిమ్మకాయ సోడా తాగాడు, రెండుసార్లు ఆవిడ చెయ్యి కూడా పట్టుకున్నాడు.

ఊరి తరఫున కాయితాలు చూసే గుమాస్తా వంతాల బొంజుబాబు చంకలో ఫైలుతో కారు దగ్గరికి వచ్చాడు. తాతాజీ చొక్కా జేబులో రెండు పెన్నులు, ఎరుపొకటి నీలమొకటి, కనిపించేసరికి మూడు రోజుల అలసటా తీరిపోయినట్టు నవ్వాడు.

"మరేటి లేదు సార్, ఒక్క సంతకం. ఊరు తిరిగొచ్చీదాకా మీరే ఊరు."

తాతాజీ చెయ్యి అప్పటికే పెన్ను మూత తీస్తోంది.

"ఏవండీ, చదివి పెట్టండి," అంది మంగతాయారు. వెంటనే సర్దుకుని, "కాదు, అసలు పెట్టకండి," అంది.

"ఛార్జి కాయితమేనే తాయారూ. చదివేదేముంది?"

పెట్టేశాడు. పెట్టాక మాత్రం చదివాడు, అది ఆయన పద్ధతి. సరస్సు ఒకటి. వ్యూ పాయింట్లు ఆరు, అందులో ఒకటి మబ్బు లేని రోజుల్లో మాత్రమే. పైన్ చెట్లు నాలుగు వేల నూట పన్నెండు. పొగమంచు, రోజువారీ వాడకానికి సరిపడా. ప్రతిధ్వని ఒకటి, పనిచేస్తున్నది. చలి ఏడు డిగ్రీలు, తగ్గకుండా పెరగకుండా చూసుకోవలెను. కోతుల లెక్క తేలలేదు. తాతాజీ ప్రతిధ్వనిని ఒకసారి కేకేసి పరీక్షించి, చెట్లు లెక్కిస్తే రెండు తక్కువ వచ్చాయని ఎర్ర సిరాతో రాయించి, అప్పుడు స్వాధీనం చేసుకున్నాడు. ఊరు కృతజ్ఞతగా తల వంచి, చర్చి గంట ఒకసారి మోగించి, పేరుపాలెం బీచ్ వైపు సాగిపోయింది. మంగతాయారు గేరు మార్చి కారు పైకి పోనిచ్చింది.

పైకి వెళ్లేసరికి అక్కడ ఏమీ లేదు. పాత బీరువా జరిపాక గోడ మీద మిగిలే మచ్చలాగా ఒక పాలిపోయిన మైదానం ఉంది. సరస్సు ఉండాల్సిన చోట గుంట, బజారు ఉండాల్సిన చోట ఒక చెప్పు. అప్పటికే ఆరు కార్లు వచ్చి ఆగి ఉన్నాయి. తాతాజీ చొక్కా చేతులు మడిచి ఊరైపోయాడు.

అది అనుకున్నంత కష్టం కాలేదు. గుంటలో నీలం టార్పాలిన్ పరిచి నాలుగు బకెట్ల నీళ్లు పోశాడు. బండరాయి వెనక కూర్చుని, ఎవరు వచ్చి తమ పేరు కేకేసినా రెండుసార్లు తిరిగి పలికాడు, రెండోసారి కొంచెం మెల్లగా. పొగమంచు కోసం పచ్చి ఆకులు కాల్చాడు. వ్యూ పాయింటు దగ్గర తానే చేతులు చాచి నిలబడ్డాడు. వచ్చినవాళ్లంతా ఆయన వైపు వీపు పెట్టి ఫోన్లలో తమ ఫొటోలు తీసుకున్నారు కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు. ఒక పెద్దమనిషి మాత్రం పోయిన ఏడాదికన్నా ఊరు కొంచెం బట్టతల పడిందన్నాడు, చెట్లు కొట్టేస్తున్నారని ఆయన భార్య బాధపడింది. ఇంకొకాయన దారి బాగోలేదని, ఊరు బాగుందని సందర్శకుల పుస్తకంలో రాసి వెళ్లాడు. తాతాజీకి ఆ ముక్క చదివి కళ్లు చెమర్చాయి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన్ని ఎవరూ బాగున్నావనలేదు.

మొదటి రోజు మంగతాయారు ఓర్చుకుంది. రెండో రోజు, కాసేపు అలా నడిచి వద్దాం రమ్మంది. ఊరు ఊరొదిలిపెట్టి ఎలా వస్తుందని తాతాజీ నిజంగానే అడిగాడు. ఖాళీగా ఉంది కదాని ఆవిడకి చలి బాధ్యత అప్పజెప్పాడు. పొద్దున్నే నాలుగింటికి లేచి ఏడు డిగ్రీలుందో లేదో చూసి రిజిస్టర్లో రాయాలి. ఆవిడ ఆ రిజిస్టరు కొండ మీంచి కిందికి విసిరేసింది. తాతాజీ నొచ్చుకున్నాడు గానీ కోప్పడలేదు, చలి కూడా తన పేర్నే రాసుకున్నాడు.

నాలుగో రోజు, అంటే తాతాజీ సెలవుకి ఆఖరి రోజు, ఊరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సముద్రం చాలా బాగుందనీ, సరస్సుకి అలలు నేర్చుకోవాలని ఉందనీ, మరో అరవై రోజులు పొడిగించవలసిందనీ ప్రార్థన. ఊరి మీద అధికారం ఊరి ఇన్‌ఛార్జిది కనుక తాతాజీ సిఫార్సు చేసి, తనకే పంపుకుని, తానే మంజూరు చేశాడు. ఆఫీసుకి కూడా సెలవు పొడిగింపు రాశాడు. అక్కడి ఏడు సీట్లూ ఎవరు చూస్తారన్న దిగులు మాత్రం ఆయన్ని పట్టి కుదిపేసింది.

మంగతాయారు ఆయన పక్కన కూర్చుని అదంతా చూసింది. తర్వాత ఆయన ఫైల్లోంచి ఒక తెల్ల కాయితం తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, కొట్టివేతలు లేకుండా రాసింది. గంధం తాతాజీ గారి భార్య హోదాలో పద్దెనిమిదేళ్లుగా సెలవు లేకుండా పనిచేస్తున్న తనకు, పేరుపాలెంలో ఉన్న నీలిమెట్టను చూసి రావడానికి, నిల్వ ఉన్న ఆర్జిత సెలవు మొత్తం కావాలి. ప్రత్యామ్నాయ ఏర్పాటు: శ్రీ గంధం తాతాజీ, పూర్తి అదనపు బాధ్యతలతో. కింద ఛార్జి లిస్టు జతచేసింది. రెండు పూటలా వంట. అటు అత్తగారి తరఫు, ఇటు పుట్టింటి తరఫు పుట్టినరోజులు, గుర్తుపెట్టుకోవడంతో సహా. సాయంత్రం ఆరు నుంచి భర్త కోసం ఎదురుచూడటం.

"సంతకం పెట్టండి," అంది.

తాతాజీ పెట్టాడు. తేదీ కూడా వేశాడు. పెట్టాక చదివాడు, అన్నీ సక్రమంగానే ఉన్నాయి, పుట్టినరోజుల దగ్గర మాత్రం జాబితా జతపరచలేదని ఎర్ర సిరాతో గుర్తు పెట్టాడు. ఆవిడ ఆయన చొక్కా కాలరు సర్ది, అన్నం వేళకి తినమంది. కారెక్కింది. పద్నాలుగో మలుపులో పైకి వస్తున్న నాలుగు బళ్లకి వరసగా దారిచ్చి, తర్వాత సముద్రం వైపు దిగిపోయింది.

ఆరింటికి తాతాజీ ఊరి పనులన్నీ ముగించుకుని, వంట చేసి, చేతులు కడుక్కుని, రోడ్డు కనిపించేలా ఒక రాయి మీద కూర్చుని తన కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఏడయింది. తాతాజీ రాలేదు. కూర చల్లారిపోతుంటే వెచ్చబెట్టాడు. ఏడున్నరకి ఆయనకి ఆ మనిషి మీద చెప్పలేనంత కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, పాపం, ఎవరి సీటో నెత్తిన పడి ఉంటుందని సరిపెట్టుకుని, ఆ మనిషి వాటా అన్నం మూతపెట్టి పక్కన ఉంచాడు.