భద్రతా దుస్తుల భద్రత

రైతుల ఆరోగ్యం విషయంలో మా ఊరికి ఏ లోటూ జరగలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. పురుగుమందు కొట్టేవాళ్ళ కోసం పైనుంచి ఒక జత భద్రతా దుస్తులు వచ్చాయి. ఊరంతటికీ ఒకటే జత. తెల్లటి కోటు, కళ్ళద్దాలు, మోచేతుల దాకా తొడుగులు, ముక్కుకు మాస్కు. వ్యవసాయాధికారిగారు వాటిని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. విలువైన వస్తువుకు ఆ మాత్రం రక్షణ అవసరమే.

ఏటా మా బడి ఆవరణలో అవగాహన సదస్సు జరుగుతుంది. ఆ రోజు బీరువా తెరుస్తారు. ఆ కోటు అతికినట్టు సరిపోయే మనిషి మా తమ్ముడు. నలుగురి తోటల్లో మందు కొట్టడమే వాడి బతుకుతెరువు కూడా కాబట్టి ఎంపికలో పక్షపాతం లేదు. వాడు నిలువెల్లా కప్పుకుని, వీపుకు పంపు తగిలించుకుని, మా పిల్లలు పెంచిన పూలమొక్కల మీద మందు కొట్టి చూపించేవాడు. పంపులో ఉండేవి మంచినీళ్ళు. సభలో పెద్దలుంటారు కదా, వాసన తగిలితే ప్రమాదం.

మర్నాడు వాడు పాత చొక్కా వేసుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని అసలు మందు కొట్టడానికి వెళ్ళేవాడు.

"నీళ్ళు కొట్టేటప్పుడేమో పెళ్ళికొడుకు వేషం. విషం కొట్టేటప్పుడు ఈ మసిగుడ్డా?" అని మా మరదలు దెప్పేది.

"ఊరుకోవే. తడిస్తే జలుబు చేస్తుందని వాళ్ళ బాధ" అనేవాడు వాడు.

రానురాను వాడి చూపు మసకబారింది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఒకనాడు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

"సార్, వంకాయ తోటకి ఘాటు మందు కొట్టాలి. ఈ ఒక్కసారికి ఆ కోటు ఇప్పించండి."

"భలేవాడివయ్యా! మరకలు పడితే రేపు సదస్సుకి ఏం తొడుక్కుంటావ్? ఈసారి మంత్రిగారు కూడా వస్తున్నారు."

"అదీ నిజమేలే, అన్నయ్యా" అన్నాడు తమ్ముడు నాకేసి చూసి.

ఆ వంకాయ తోట గట్టు మీదే పడిపోయాడు. గుండె ఆగి చనిపోయాడని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చారు. గుండె ఆగిన మాట వాస్తవమే.

సంతాప సభలో అధికారిగారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "భద్రతకు ఆయనే నిలువెత్తు నిదర్శనం! మన దుస్తులు వేసుకుని మందు కొట్టిన ఏ ఒక్క రోజైనా ఆయనకి కనీసం తలనొప్పి వచ్చిందా? మీరే చెప్పండి!"

రాలేదు. సభ చప్పట్లు కొట్టింది. నిజమే చెప్పాలని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నేనూ కాదనలేకపోయాను.

సభ ముగిశాక ఆయన నా భుజాలకేసి చూసి, "మీదీ మీ తమ్ముడిదీ ఒకటే కొలతనుకుంటా, మాస్టారూ" అన్నారు. కోటు నాకు సరిపోయింది. పైన ఒక్క మరక లేదు. లోపల, మెడ దగ్గర, తమ్ముడి చెమట వాసన మాత్రం ఇంకా వదల్లేదు.

ఆ తోట వంకాయలు మీ బజారుకే వచ్చాయి. మీరు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, నవనవలాడుతున్నాయని మెచ్చుకుని ఏరుకున్నారు. ఎక్కడ చిన్న పుచ్చు కనిపించినా పక్కన పడేసేవారే. మా తమ్ముడు మీకు ఆ శ్రమ లేకుండా చేశాడు.