దొరైగారి పదకొండు నిమిషాల మీద వినోదిని రాసిన పేపరు

తమిళనాడులో అవినాశి దాటి తిరుప్పూరు పోయే రోడ్డు మీద ఉన్న ఒక కళాశాలలో ఈ సంవత్సరం నుంచి విద్యార్థులు ఆలోచిస్తారని యాజమాన్యం సంతోషంగా ప్రకటించింది. ఆలోచన జులై ఏడో తేదీన మొదలై ఆగస్టు పద్నాలుగున ముగుస్తుంది. ఆలస్యంగా ఆలోచించినవారికి రోజుకొక మార్కు తగ్గిస్తారు.

ఈ నిర్ణయం ఊరికే తీసుకోలేదు. కళాశాలకు గ్రేడు ఇచ్చే పరిశీలక బృందం నింపమన్న ఫారంలో 'విమర్శనాత్మక ఆలోచన - ఆధారాలు జతపరచండి' అని ఒక గడి ఉంది. కిందటిసారి అక్కడ, ఇరవై మంది విద్యార్థులు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న ఫోటో అంటించారు. బృందం ఆ ఫోటోను ఆధారంగా అంగీకరించలేదు. అందుకని ఈసారి బి.ఎ. ఇంగ్లీషు రెండో సంవత్సరం వాళ్లు నలభై నాలుగు మందీ తలా ఒక రెటారికల్ అనాలిసిస్, అంటే ఒక ప్రసంగ విశ్లేషణ, రాసి, నీలం అట్ట వేయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇవ్వాలని ఉత్తర్వు వెలువడింది.

ఆ పాఠం చెప్పే బాధ్యత వసంత్ అనే కుర్ర లెక్చరర్ మీద పడింది. ఆయన మంచివాడు. ఆ పాఠాన్ని నిజంగానే నమ్మాడు.

"ఒక ఉపన్యాసం తీసుకోండి. ఆ మనిషి ఏం చెప్పాడన్నది వదిలేయండి. మిమ్మల్ని ఎట్లా ఒప్పించాడో చూడండి. ఎక్కడ నమ్మకం పుట్టించాడు, ఎక్కడ లెక్కలు చూపించాడు, ఎక్కడ మనసు కరిగించాడు, అది పట్టుకోండి," అని తరగతిలో చెప్పాడు.

నలభై ముగ్గురు విద్యార్థులు కళాశాల ఎదుట ఉన్న జిరాక్సు షాపుకు వెళ్లి దాన్ని పట్టుకున్నారు. ఎప్పుడో చనిపోయిన ఒక విదేశీ నాయకుడి ఉపన్యాసం మీద తయారుగా ఉన్న పేపరును షాపతను పేర్లు మార్చి అందరికీ ఇచ్చాడు. మొదటి పేజీలో 'ఈ ఉపన్యాసం నన్ను చిన్నప్పటి నుంచి వెంటాడుతోంది' అని ఉంది. కాబట్టి ఆ తరగతిలో నలభై ముగ్గురిని ఒకే ఉపన్యాసం చిన్నప్పటి నుంచి వెంటాడుతున్నట్టు రుజువైంది.

మిగిలిన ఒక్కతె వినోదిని.

వినోదిని తల్లి సెల్లాయి ఆ రోడ్డు మీదే ఒక బనియన్ కంపెనీలో చెకింగ్ పని చేస్తుంది. బనియన్లలో కుట్లు తప్పాయేమో చూసి పక్కన పడేయడం ఆమె పని. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఎన్ని తరాలుగానో మాట్లాడుతున్నారు, ఎవరికీ అది చదవడం రాదు. కంపెనీ యజమాని దొరైగారు కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఆయనను పనివాళ్లు మొదలాళి అంటారు. కళాశాల స్థాపకులు కూడా ఆయనే. తల్లులు కంపెనీలోనూ పిల్లలు కళాశాలలోనూ ఉండేలా చూసుకున్న దూరదృష్టి ఆయనది. రెండింటికీ కలిపి ఒకటే వ్యాను.

రెండేళ్ల కిందట దొరైగారు కంపెనీ క్యాంటీనులో పదకొండు నిమిషాలు మాట్లాడారు. పెద్ద ఆర్డరు వచ్చింది, ఒక మూడు నెలలు ఆదివారాలు కూడా రావాలి అన్నారు. లోపలికి పోయేటప్పుడు నూట అరవై మంది ఆడవాళ్లూ ఒప్పుకునేది లేదనుకుంటూ పోయారు. బయటికి వచ్చేటప్పుడు చప్పట్లు కొడుతూ వచ్చారు. ఆ మూడు నెలలు ఇంకా నడుస్తున్నాయి. ఆదివారం టీతో పాటు ఒక బన్ను ఇస్తున్నారు గనక వివాదమేమీ తలెత్తలేదు.

ఆ చప్పట్లు ఎట్లా వచ్చాయో వినోదినికి రెండేళ్లుగా అర్థం కాలేదు. పాఠం విన్నాక, కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఉన్న ఆ వీడియో తీసి పందొమ్మిదిసార్లు చూసింది. చూసింది చూసినట్టు పదహారు పేజీలు రాసింది.

దొరైగారు 'కుటుంబం' అన్న మాట ఇరవై ఆరుసార్లు వాడారు. 'సెలవు' అన్న మాట ఒక్కసారే వాడారు. అదీ తాను పన్నెండేళ్లుగా సెలవు తీసుకోలేదని చెప్పడానికి. అంకెలు ఇంగ్లీషులో చెప్పారు, ఆజ్ఞలు తమిళంలో చెప్పారు. తల్లిని తలుచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి మారారు. ఏడో నిమిషంలో గొంతు పూడుకుపోయి, స్టీలు టంబ్లరు ఎత్తి నీళ్లు తాగి, దించగానే కళ్లు తుడుచుకున్నారు. వీడియోను ఆపి ఆపి చూస్తే ఆ టంబ్లరు ఖాళీది. గుటక మాత్రం పడింది. 'మూడు నెలలు' అన్నారు గానీ ఏ మూడో ఎక్కడా చెప్పలేదు.

మర్నాడు పొద్దున వ్యానులో ఆమె ఒళ్లో నీలం అట్ట చూసి, తల్లితో పాటు చెకింగ్ చేసే ఇరుళాయి పక్క సీట్లోంచి అడిగింది. "ఏంది కన్నూ అది, ఇంత లావుగా ఉండాది?"

"కాలేజీకి రాసినాను అత్తా. మన మొదలాళి క్యాంటీనులో మాట్లాడినాడు కదా, దాని గురించి."

"మొదలాళి గురించా! చదువు, విందాము."

ఇంగ్లీషులో రాసింది ఇంట్లో మాటల్లోకి మార్చి చెప్పుకుంటూ పోయింది వినోదిని. వ్యాను రైల్వే గేటు దగ్గర ఆగేసరికి ఖాళీ టంబ్లరు దాకా వచ్చింది. ముందు సీట్లోంచి రామాయి కోపంగా వెనక్కి తిరిగింది.

"అంటే ఆయన ఏడ్చినది అబద్ధమంటాండావా? అమ్మని తలుచుకుని ఏడ్చినాడు పాపం. నేనూ ఏడ్చినాను."

"అబద్ధమని నేను చెప్పలే అత్తా. ఎక్కడ ఏడ్చినాడో చెప్తాండాను, అంతేదా."

రామాయి ముందుకు తిరిగింది. మళ్లీ వెనక్కి తిరిగి, "టంబ్లర్లో నీళ్లే లేదా?" అంది.

"లే."

కిటికీ పక్కనున్న సెల్లాయి మాత్రం కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏమిటికే నీకీ పని? ఆయన కాలేజీలో చదువుకుంటా ఆయన మీదే రాస్తావా? నీ చదువు పోతాది, నా పనీ పోతాది. చింపెయ్ దాన్ని."

"దీని కాపీ నిన్ననే ఇచ్చేసినాను అమ్మా."

సెల్లాయి టిఫిన్ క్యారియరును ఒళ్లోకి లాక్కుని, కంపెనీ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

కళాశాలలో వసంత్ ఆ పేపరు చదువుతూ పది నిమిషాలు ఆనందించాడు. పదకొండో నిమిషంలో ఆయనకు ఉద్యోగం గుర్తొచ్చింది. ప్రిన్సిపాలు గారి దగ్గరకు తీసుకెళ్లాడు. ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం ఏర్పడింది. వినోదినిని నిలబెట్టి ప్రిన్సిపాలు గారు సుదీర్ఘంగా మాట్లాడారు.

"అమ్మాయీ, ఈ విద్యాసంస్థ ఆలోచనా స్వేచ్ఛకు పెట్టని కోట. విశ్లేషణ నేర్చుకోమని మేము చెప్పిన మాట వాస్తవమే. చేయమని ఎవరైనా చెప్పారా? ఈత నేర్పినవాడు నిన్ను బావిలో దూకమన్నట్టా? స్థాపకులవారి కన్నీరు ఈ సంస్థకు పునాది. పునాదిని తవ్వి చూడడం పరిశోధన అనిపించుకోదు. నీ వయసులో మేము ఉపన్యాసాలు వినేవాళ్లం. ఎక్కువ వింటే నిద్ర వచ్చేది. అదీ క్రమశిక్షణ అంటే."

సంఘం అదే రోజు తీర్పు ఇచ్చింది. ఇకమీదట విశ్లేషించబడే ఉపన్యాసకుడు కనీసం యాభై ఏళ్ల కిందట మరణించి ఉండవలెను. ఈ జిల్లాలో అతనికి బంధువులు ఉండరాదు. వినోదిని పేపరును తీసేద్దామనుకున్నారు గానీ, నలభై నాలుగు పేపర్లు జతపరిచామని ఫారంలో అప్పటికే రాసి పంపేశారు. సత్యాన్ని కాపాడడం కోసం దాన్ని కట్టలో అడుగున ఉంచి, ఇరవై అయిదుకు తొమ్మిది మార్కులు వేశారు. పాసు కావడానికి పది కావాలి. ఆమె ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే సెల్లాయి, "చెప్పినానా లేదా?" అని మాత్రం అని, అన్నం పెట్టింది. చదువు మానిపిస్తారేమోనని వారం రోజులు తల్లీకూతుళ్లు ఫోను మోగితే ఉలిక్కిపడ్డారు.

ఈలోగా దొరైగారికి ఇంకో ఆర్డరు వచ్చింది. ఆదివారాలతో పాటు మిగిలిన రోజుల్లో కూడా గంట ఎక్కువ పని చేయాలని కోరడానికి మళ్లీ క్యాంటీనులో సమావేశం పెట్టారు.

"మనమంతా ఒకే కుటుంబం," అని మొదలుపెట్టారు.

"ఒకటి," అంది ఇరుళాయి నెమ్మదిగా.

దొరైగారు కుటుంబం గురించి, కంపెనీ కుటుంబం గురించి, కుటుంబానికి కుటుంబమే తోడన్న సంగతి గురించి చెప్పారు. ఇరుళాయి తొమ్మిది దాకా వచ్చేసరికి ఆమె చుట్టుపక్కల వాళ్లు కూడా వేళ్లు మడుస్తున్నారు. ఆయన తమిళం ఆపి ఇంటి తెలుగులోకి మారగానే గుంపులో కదలిక వచ్చింది. ఆడవాళ్లు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. "అమ్మ వస్తాది ఇప్పుడు," అని ఎవరో అన్నారు. "మా అమ్మ..." అన్నారు దొరైగారు.

గొంతు పూడుకుపోయింది. టంబ్లరు ఎత్తారు. నూట అరవై జతల కళ్లు ఆయన మొహం వదిలి టంబ్లరును చూశాయి. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తాగబోయి ఆగారు, దించబోయి ఆగారు. కన్నీరు రాలేదు.

"తాగండి మొదలాళీ," అంది రామాయి ఎంతో ఆప్యాయంగా. "మేము ఎక్కడికీ పొయ్యేది లే."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత క్యాంటీనంతా నవ్వింది. సూపర్‌వైజర్లు 'సైలెన్స్' అని అరిచారు గానీ వాళ్లలో ఇద్దరు గోడ వైపు తిరిగి అరిచారు. ఆ నవ్వు ఆగేలోపు సెల్లాయి లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు.

"నాయిత్తుకెళమ లీవు ఎప్పుడు ఇస్తారు మొదలాళీ?" అంది.

అంతకుమించి ఒక్క మాట లేదు. ఆదివారాన్ని తమిళంలో, సెలవును ఇంగ్లీషులో, మిగతాది తెలుగులో అడిగింది. టంబ్లరు ఇంకా దొరైగారి చేతిలోనే ఉంది. అది దించి బయటపడితే చాలుననుకుని, నెలకు రెండు ఆదివారాలు సెలవు అనేశారు. గంట ఎక్కువ పని ఊసే ఎత్తలేదు.

ఆ సాయంత్రం దొరైగారు వినోదిని పేపరు తెప్పించుకున్నారు. ఆ కళాశాలలో దాఖలైన నలభై నాలుగు పేపర్లలో చివరి పేజీ దాకా శ్రద్ధగా చదవబడినది అదొక్కటేనని, చదివినది ఆయనొక్కరేనని ఇక్కడ నమోదు చేయడం మన ధర్మం. ఆయన కోప్పడలేదు. మార్కులు తొమ్మిది నుంచి ఇరవైకి పెంచమని ఫోను చేశారు. ప్రసంగంలో లోపమేమీ లేదని, లోపమంతా మాట్లాడే నోటిలో ఉందని ఆయన గ్రహించారు.

మరుసటి వారం సెల్లాయిని 'కుటుంబ సమన్వయకర్త'గా నియమించారు. ఒక కుర్చీ ఇచ్చారు. కుర్చీ మీదకు గాలి వచ్చేలా ఒక ఫ్యాను బిగించారు. మెడలో ఫోటో ఉన్న కార్డు వేశారు. పనివాళ్ల కష్టం చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికిందని అందరూ సంతోషించారు. సెల్లాయి కూడా ఊరికే కూర్చోలేదు. కక్కసుకు తలుపు వేయించింది, తాగే నీళ్లకు ఫిల్టరు పెట్టించింది. అడిగితే అవుతుందని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

జనవరి నెలాఖరున దొరైగారు ఆమెను పిలిచి, ఆర్డరు చెయ్యి జారిపోతోందని, కంపెనీ కష్టంలో ఉందని చెప్పారు. ఇరవై నిమిషాలు ఆమె మాట్లాడిందే విన్నారట. అంత పెద్ద మనిషి తన మాట వినడం సెల్లాయికి అదే మొదటిసారి. ఆ వారమే క్యాంటీనులో సమావేశం పెట్టారు. దొరైగారు చివరి వరుసలో కూర్చున్నారు. కళాశాల తరఫున వసంత్‌నూ వినోదినినీ కూడా పిలిచారు. మాట్లాడింది సెల్లాయి.

"నాకు మాట్లాడేదానికి రాదు," అంది. "మీకు తెల్సుదా. ఇరవై ఏండ్లు మీ పక్కన నిలబడి కుట్లు చూసినాను. ఈ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు నేను నిలబడలేకపోతే నా డబ్బాలో బనియన్లు కూడా ఇరుళాయక్క చూసింది. ఎవురికి చెప్పుకుంటాము మనము? మనకి మనమేదా. ఈ ఆర్డరు పొయ్యిందంటే అరవై మందిని నిలిపేస్తారంట. ఎవుర్ని పొమ్మందాము, మీరే చెప్పండి. రామాయినా? నన్నా? ఆ రెండు నాయిత్తుకెళమలు కొన్నాళ్లు విడిచిపెడదాము. నేనూ కుర్చీలో కూర్చోను, మీతోదా టేబులు కాడ నిలబడతాను."

కార్డు తీసి కుర్చీ మీద పెట్టింది. ఇరుళాయి కొంగుతో మొహం కప్పుకుంది. రామాయి అందరికంటే ముందు చెయ్యెత్తింది. వినోదిని వెక్కి వెక్కి ఏడుస్తూ, అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది.

బయటికి వచ్చాక వసంత్ ఉత్సాహంగా ఆమె దగ్గరికి వచ్చాడు. "వచ్చే సెమిస్టరు పేపరుకు ఈ ప్రసంగం తీసుకో వినోదినీ. ప్రిన్సిపాలు గారితో నేను మాట్లాడతాను. ఇంతకంటే మంచి సరుకు దొరకదు."

వినోదిని ఆయనను కోపంగా చూసింది.

"మా అమ్మది ప్రసంగం కాదు సార్. ఆమె నిజం చెప్పింది."

వసంత్ సిగ్గుపడి క్షమాపణ అడిగాడు. ఆయన కళ్లు కూడా అప్పటికింకా ఆరలేదు. తిరిగి వెళ్లి పరిశీలక బృందం ఫారంలో 'నేర్చుకున్న ఫలితాలు' అన్న గడిలో 'విద్యార్థులు విషయాన్ని పూర్తిగా జీర్ణించుకున్నారు' అని రాశాడు. కళాశాలకు ఎ గ్రేడు వచ్చింది.

ఆ ఆదివారం నూట అరవై మందీ పనికి వచ్చారు. రామాయి జ్వరంతో వచ్చింది. నిలిపేస్తామన్న ఆ అరవై మంది ఎవరని గానీ, కొన్నాళ్లంటే ఎన్నాళ్లని గానీ ఎవరూ అడగలేదు. దొరైగారి మాట మీద వచ్చినన్నాళ్లూ వ్యానులో కాస్త సణుగుడన్నా ఉండేది. ఈసారి అదీ లేదు. చెప్పింది మన మనిషి కదా.