విల్లు పిడుల వైభవం

ఎక్కుపెట్టడానికి విల్లు లేకపోయినా ఫర్వాలేదు, వేయడానికి బాణం లేకపోయినా ఫర్వాలేదు, ఇంట్లో పాత విల్లు పిడులు మాత్రం గోడకొకటి చొప్పున ఉండాలి. అవి లేని ఇల్లు ఇల్లే కాదు, ఉత్త గోడలూ కప్పూను! ఈ మాట గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

తెలియనివాళ్ల కోసం ముందుగా ఒక ముక్క. పోటీల్లో వాడే విల్లు మూడు భాగాలుగా ఊడివస్తుంది. మధ్యలో చేత్తో పట్టుకునే భాగాన్ని, అంటే మనం చెప్పుకుంటున్న పిడిని, రైజర్ అంటారు. దానికి పైనొక రెక్క, కిందొక రెక్క బిగించి తాడు కడితే అప్పుడది విల్లు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతావి కాకిని తోలడానికి కూడా పనికిరావు. అలాంటి మధ్య భాగాలను, అవీ కంపెనీలు చేయడం మానేసి ఒక తరం గడిచిపోయినవాటిని, వెతికి వెతికి తెచ్చుకునే మహానుభావులు లోకంలో ఉన్నారు. వారిలో ఒకాయన కథ చెప్పి నా వాదన నెగ్గించుకుంటాను.

ఆయనది కళ్లజోళ్ల షాపు. అందుకే వీధంతా ఆయన్ని కళ్లజోళ్లాయన అంటుంది. పొద్దుట తలుపు తీసింది మొదలు జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, రెండో కంటితో అక్షరాలు చదివిస్తూ ఉంటాడు. ఎవరికి ఏ కన్ను ఎంతవరకు ఆనుతుందో ఆయనకు కంఠతా వచ్చు. షాపు మూసి ఇంటికి చేరాక మాత్రం ఆయన కంటికి రైజర్ తప్ప ఇంకేదీ ఆనదు.

అందులోనూ ఆయన తెచ్చేవన్నీ ఎడమచేతివాళ్ల కోసం చేసినవే. ఎందుకంటారా? ఎడమచేత్తో తాడు లాగేవాళ్లు తక్కువ కాబట్టి వాటి కోసం ఎవరూ కొట్టుకోరు. పైగా ఆయన ఇంట్లో ముగ్గురూ కుడిచేతివాళ్లే. ఆయన, భార్య, కూతురు. "మనింట్లో వీటిని ఎక్కుపెట్టేవాళ్లే లేరు. కాబట్టి కోసినా తొలిచినా పాపం లేదు" అంటాడు. ఎంత ముందుచూపు!

కోసి తొలిచి ఏం చేశాడో చూడండి. హాల్లో దీపస్తంభం ఒక రైజర్. దాని కడుపులోంచి కరెంటు తీగ పోతుంది. గోడకున్న కోటు కొక్కేలు రైజర్లు. బీరువా తలుపుకు ఒక ఇనప రైజర్ బిగించాడు. దాన్ని పట్టుకుని లాగితే తలుపుతో పాటు బీరువా కూడా మన మీదకి వస్తుంది. దీనివల్ల రోజూ పొద్దుటే వ్యాయామం! కుర్చీ చేతులు రైజర్లు కావడంతో వచ్చిన చుట్టాలు ఎక్కువసేపు కూర్చోరు. ఏ మర్యాదా చెడకుండా చుట్టాలను పంపించే ఉపాయం మీ ఇంట్లో ఉందా? స్నానాల గదిలో తువాలు కర్ర కూడా రైజరే. తువాలు తీసుకోబోయి తల కొట్టుకున్నవాళ్లు ఆ ఇంటిని జన్మలో మరిచిపోరు. పేరు ప్రతిష్ఠలంటే ఇంకేమిటి?

ఆదివారం వస్తే ఆయన ఒక్కో రైజర్‌నీ మెత్తటి గుడ్డతో తుడిచి, నూనె రాసి, వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసుకుంటాడు. సరిగ్గా అప్పుడే కూతురు భుజాన సంచీ వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది.

"నాన్నా, ఈ వారమైనా క్లబ్బుకి వస్తావా?"

"వచ్చే వారం తప్పకుండా వస్తానమ్మా. ఇదిగో, ఈ ఒక్కటీ ఆరాలి."

అమ్మాయి విలువిద్య క్లబ్బులో చేరింది మరి. ఎందుకు చేరిందో మీరూ నేనూ ఊహించగలం. ఇంట్లో నాన్నకి ప్రాణమైన వస్తువేదో దాన్ని చేతపడితే తనవైపు కూడా ఒకసారి చూస్తాడని. క్లబ్బువాళ్లు కుడిచేతి విల్లు ఒకటి ఇచ్చారు. అది పట్టుకుని ఆ పిల్ల పడని పాట్లు లేవు. బాణం వేస్తే తన గురిబల్ల వదిలేసి పక్కవాళ్ల గురిబల్లకు పోయి తగిలేది. పక్కవాళ్లకు మార్కులు పెరిగేవి, ఈ పిల్లకు ఏడుపు వచ్చేది. నెల తిరిగేసరికి జట్టు ఎంపిక. ఈలోగా గురి కుదరకపోతే క్లబ్బు మానేస్తానని తల్లితో చెప్పేసింది.

అప్పుడు కోచ్ కబురు పెట్టింది. ఆ కోచమ్మకు మొహమాటం లేదు. "తండ్రి రాకపోతే రేపట్నుంచి పిల్లని పంపొద్దు" అని కచ్చితంగా చెప్పేసరికి కళ్లజోళ్లాయన నూనె గుడ్డ జేబులో కుక్కుకుని, భార్యను వెంటబెట్టుకుని మరీ వెళ్లాడు.

కోచ్ అమ్మాయిని ఎదురుగా నిలబెట్టింది. "రెండు చేతులూ ముందుకు చాపు. అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు ఉంచు. రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి నా ముక్కు చూడు."

అమ్మాయి చూసింది. సందు వెనక ఉన్నది ఎడమ కన్ను.

"చూశారా? ఈ పిల్ల చేతివాటం కుడి, చూపు వాటం ఎడమ. గురి చూసేది ఎడమ కన్నయితే కుడిచేతి విల్లు ఇచ్చి ఏం లాభం? బాణం పక్కకి పోక ఏమవుతుంది? ఎడమచేత్తో లాగే విల్లు పట్టుకురండి." ఇంత చెప్పాక ఆవిడ మర్యాదకు అడిగింది, "ఇంతకీ మీరేం చేస్తుంటారు?"

"కళ్లు పరీక్ష చేస్తానండి" అన్నాడు ఆయన. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం భార్య అదే మొదటిసారి వినడం.

అయినా ఆయన వెంటనే తేరుకున్నాడు. ఎడమచేతి రైజర్లా? ఇంటినిండా అవే! పాఠకులారా, సేకరణ వల్ల ఉపయోగం ఏమిటని అడిగినవాళ్లంతా ఇప్పుడు మాట్లాడండి. దారి పొడుగునా ఆయన కూతురికి వాటి గుణగణాలు వర్ణిస్తూనే వచ్చాడు. అమ్మాయి ఎన్నాళ్లకో నవ్వింది.

ఇల్లు చేరాక ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టాడు. దీపస్తంభానికి నిలువునా కన్నం. తాడు లాగితే నడిమికి విరుగుతుంది. కొక్కేలకు మేకులు దిగిన చోటల్లా పగుళ్లు. కుర్చీ చేతులను సగానికి కోశాడు. తువాలు కర్రకు రెక్కలు బిగించే చోటే రెండు చివరలా అరగదీశాడు. బీరువాది గట్టిదే కదా అని ఆశగా విప్పబోతే, దాన్ని తలుపుకు వెల్డింగ్ చేయించిన సంగతి గుర్తొచ్చింది. హాలంతా చెక్కముక్కలు, మరలు. మధ్యలో ఆయన బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. అమ్మాయి సంచీ తీసి తన గదిలో పెట్టుకుని తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడుకి ఆయన ప్రాణం ఉసూరుమంది.

"వాషింగ్ మెషీన్ పక్కకి జరపండి" అంది భార్య.

జరిపాడు. కింద, కుంటికాలి దగ్గర, గోధుమరంగు చెక్కతో చేసిన రైజర్ ఒకటి దూర్చి ఉంది. చిన్న గీత కూడా పడలేదు. ఆయన సేకరణకంతటికీ తలమానికం అదే. కనబడకుండా పోయిందని ఊరంతా గాలించాడు. ఇంకెక్కడుంటుంది, తనలాగే పాత విల్లుల పిచ్చి ఉన్న ఫొటో స్టూడియో ఆయనే కొట్టేసి ఉంటాడని నలుగురిలో అనేసి, ఆయనతో మాటలు కూడా మానేశాడు.

"దీని కోసం నేను అందర్నీ అడిగానే!"

"నన్ను తప్ప అందర్నీ అడిగారు" అంది ఆవిడ. "మెషీన్ గంతులేస్తోంది, మనిషిని పిలవండని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. అందుకే దీన్ని దూర్చాను. కనీసం మీ డ్రిల్లు బారిన పడకుండా బతికిపోయింది."

రైజర్ దొరికింది. మరి రెక్కలు? ఆ పాతకాలం రైజర్‌కు ఈ కాలం రెక్కలు పట్టవు. దాని సొంత రెక్కలే కావాలి. అవి ఎక్కడున్నాయో ఆయనకు బాగా తెలుసు. ఆ ఫొటో స్టూడియో ఆయన దగ్గరే ఉన్నాయి. ఎలాగంటారా? స్టూడియో ఆయనకు రెక్కల పిచ్చి, ఈయనకు రైజర్ల పిచ్చి. ఎక్కడైనా ఒక పాత విల్లు పూర్తిగా దొరికితే ఇద్దరూ అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు పంచుకునేవాళ్లు. నడుము ఈయనకి, రెండు చివరలు ఆయనకి. ఆ చుట్టుపక్కల నిక్షేపంలాంటి విల్లులన్నీ ఈ జంట చేతిలో పడి ఇలాగే విడిపోయాయి. సంస్కృతిని కాపాడటం అంటే ఇదేనని ఇద్దరూ నమ్మేవాళ్లు.

కళ్లజోళ్లాయన స్టూడియోలో అడుగుపెట్టేసరికి అవతలాయన ఎవరికో పాస్‌పోర్టు ఫొటో తీస్తున్నాడు.

"కదలకండి" అన్నాడు కెమెరా వెనకనుంచి. అది కుర్చీలో ఉన్నవాడితో అన్నాడో తనతో అన్నాడో తెలియక ఈయన గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

ఫొటో అయ్యాక స్టూడియో ఆయన తల తిప్పకుండా అడిగాడు. "దొంగ షాపుకి పెద్దమనుషులు వచ్చారేంటో?"

"దొరికిందయ్యా. మా ఇంట్లోనే ఉంది. వాషింగ్ మెషీన్ కింద."

స్టూడియో ఆయన మొహం బిగించుకోబోయాడు. తర్వాత ఆపుకోలేక పడీపడీ నవ్వాడు. ఫొటో దిగినవాడు కూడా, సంగతి ఏమిటో తెలియకపోయినా, కలిసి నవ్వాడు. కళ్లజోళ్లాయన తల దించుకుని, తప్పు తనదేనని ఆ మూడో మనిషి ముందే ఒప్పుకుని, దాని రెక్కలు కావాలని అడిగాడు.

"నీ కోసమైతే చచ్చినా ఇవ్వను" అన్నాడు స్టూడియో ఆయన. "ఎవరికి?"

"అమ్మాయికి. జట్టు ఎంపిక ఉంది."

"మరి అది ముందు చెప్పొద్దూ?" అంటూ ఆయన నిచ్చెన ఎక్కి, గుడ్డలో చుట్టిపెట్టిన రెక్కలు దింపాడు.

షాపు బల్ల మీదే బిగించారు. ఎక్కడా మెలిక పడకుండా చక్కగా కూర్చున్నాయి. తాడు కట్టి ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు. ఇన్నేళ్ల సేకరణలో ఇద్దరిలో ఎవరూ తాడు కట్టిన పూర్తి విల్లు ఒకటి ఎదురుగా పెట్టుకుని చూసిన పాపాన పోలేదు.

"ఇలా ఉంటుందన్నమాట" అన్నాడు స్టూడియో ఆయన మెల్లగా.

కోచ్ ఆ విల్లును వంచి చూసి, గోటితో గీకి చూసి, చివరికి సరేనంది. ఆ మిగిలిన రోజుల్లో అమ్మాయి ఎడమచేత్తో తాడు లాగడం కొత్తగా నేర్చుకుంది. వేళ్లు కాయలు కాశాయి, భుజం లాగేసింది, అయినా ఒక్కరోజు మానలేదు. తండ్రి రోజూ సాయంత్రం ఆ రైజర్‌కు నూనె రాశాడు. ఆయన వంతు సాయం అది.

ఎంపిక రోజు రానే వచ్చింది. ఆదివారం పొద్దుటే మైదానంలో తల్లీ తండ్రీ బాణాలు వేసే గీతకు వెనక, అడ్డంగా కట్టిన తాడు ఇవతల నిలబడ్డారు. తన వంతు రాగానే అమ్మాయి వెళ్లి నిలుచుంది. మొదటి బాణం వదిలింది. పక్కన నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. కోచ్ కూడా తల ఊపింది, అది ఆవిడ చప్పట్లు. అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ఎవరి కోసం చూసిందో వేరే చెప్పాలా?

"నాన్నా, చూశావా?"

"చూడకపోవడమేంటమ్మా! ఎండ పడేసరికి ఆ చెక్కలో గీతలు ఎలా మెరిశాయో. ఇన్నాళ్లూ ఇంట్లో ఆ రంగే తెలియలేదు."

"బాణం ఎక్కడ తగిలింది?"

కళ్లజోళ్లాయన అప్పుడు గురిబల్ల ఎటుందో వెతుక్కున్నాడు. అమ్మాయి అటు తిరిగిపోయి, రెండో బాణం తీసుకుంది.

నా వాదన ఇక్కడ కొంచెం తడబడిందని ఒప్పుకుంటాను. భార్య మాత్రం తడబడలేదు. ఆయన కళ్లజోడు లాగేసి, రుమాలుతో అటూ ఇటూ శుభ్రంగా తుడిచి, మళ్లీ ఆయన ముక్కు మీద పెట్టింది. గడ్డం పట్టుకుని మొహం గీత వైపు తిప్పింది. "అటు చూడండి. విల్లుని కాదు. పిల్లని."

చూశాడు. అమ్మాయి పొడుగైంది. తన భుజం దాకా వచ్చి ఉంటుంది. బాణం తొడిగి, తాడు లాగే ముందు, కింది పెదవి ఎడమవైపు పళ్లతో కొరికి పట్టింది. ఆ తర్వాతే ఊపిరి వదిలి చెయ్యి కదిపింది.

"అలా పెదవి కొరుక్కోవడం ఎప్పుడు నేర్చింది?" అన్నాడు భార్యతో, గుసగుసగా.

"నడక నేర్చినప్పుడు" అంది ఆవిడ.

చూశారా? పాత రైజర్లు సేకరించబట్టే కదా ఆయనకు ఈ సంగతి ఇవాళైనా తెలిసింది! సేకరణలు లేని మామూలువాళ్లం, సొంత పిల్లల మొహాలు భోజనాల బల్ల దగ్గర ఊరికే చూసేస్తుంటాం.